చిగురులో లైనింగు

ఆ ఉదయం టైలరుగారి పథకం చిన్నదే. పన్ను చూపించుకుని మధ్యాహ్నానికల్లా దుకాణం తెరవాలి. ముందు పన్ను చిగురు వదిలేసి ఊగుతోంది. అది ఊడితే మాటలో గాలి పోతుంది, ఆయన వ్యాపారమంతా మాట మీదే నడుస్తోంది. "మిషన్ మొరాయించిందండీ", "గుండీలు దొరకలేదండీ" అని తేనె పూసి చెప్తే, బట్టలిచ్చినవాళ్లు నవ్వుకుంటూ మళ్లీ వచ్చేవాళ్లు.

పళ్ల డాక్టరమ్మ గోరంత పల్చటి పొర ఒకటి పన్నుకీ చిగురుకీ మధ్య దోపింది. "ఇది అక్కడే మందు వదులుతూ దానంతటదే కరిగిపోతుంది. వారం దాకా ఆ పంటితో దారం కొరక్కండి. అప్పటికీ చిగురు పట్టుకోకపోతే పన్ను తీసెయ్యాల్సిందే."

తీసెయ్యడమన్న మాట ఒక్కటే టైలరుగారి చెవిలో మిగిలింది. దారి పొడుగునా బుర్ర పనిచేసింది. కోటు లోపల కుట్టు పడని లైనింగు సంగతి ఆయనకు తెలియనిదా! నిలువుగా కదిపితే ఉంటుంది, అడ్డంగా లాగితే జారుతుంది. ఈ పొరా అంతే కదా. నాలుక తగలకూడదు కాబట్టి మాట బంద్. తల అడ్డంగా ఊపడమూ బంద్.

దుకాణం తెరిచేసరికి లాయరుగారు గుమ్మంలోనే ఉన్నారు. "నా కోటు ఎల్లుండికైనా ఇస్తావా, ఇంకో కథ చెప్తావా?"

టైలరుగారు తల నిలువుగా ఊపారు. లాయరుగారు హడలిపోయి, "సాకు చెప్పలేదయ్యా!" అని వీధంతా చాటారు.

ఇంకేముంది, సాయంత్రానికి దుకాణం ముందు ఇసకేస్తే రాలని జనం. బడిలో నాటకాలాడించే టీచరమ్మ సైన్యం మొత్తానికి దుస్తులు కావాలంది. ఊపారు. "శుక్రవారానికి?" ఊపారు. బావమరిది ఇదే అదననుకుని, "బావా, ఈ వారమంతా పిల్లల్ని మీ ఇంట్లో దింపెయ్యనా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఊపారు.

"మీకు మతిగానీ పోయిందా?" అంది భార్య.

దానికీ ఊపారు.

ఆవిడకు ఒళ్లు మండింది. కానీ అద్దం ముందు పెదవి ఎత్తి, ఆ పన్నును పసిపిల్లను చూసినట్టు చూసుకుంటున్న మనిషిని చూశాక మనసు కరిగింది. పాపం, ఎంత భయపడ్డారో! కొంగు బిగించి మిషన్ ముందు కూర్చుంది. బావమరిది పిల్లలకు గుండీలు, బావమరిదికి ఇస్త్రీ అప్పజెప్పింది. ఆ దుకాణం చరిత్రలో మొదటిసారి ఒక్క గడువూ తప్పలేదు.

వారం తిరిగాక డాక్టరమ్మ చిగురు నొక్కి చూసింది. "బాగా బిగిసింది. పన్ను నిలిచినట్టే."

భార్య చేతులు జోడించింది. "మీరు చెప్పినట్టే ఈయన వారమంతా పెదవి విప్పలేదండీ."

"అదేంటి? నేను దారం కొరకొద్దన్నాను గానీ మాట్లాడొద్దనలేదే!"

భార్య మెల్లగా ఆయన వైపు తిరిగింది. ఆవిడ వేళ్ల నిండా ప్లాస్టర్లే.

డాక్టరమ్మకు ఏదో గుర్తొచ్చింది. "అన్నట్టు, నా తెల్లకోటు చిరిగింది. రేపటికి కొత్తది కుట్టిస్తారా?"

టైలరుగారు వారం రోజులు దాచుకున్న నోరు హాయిగా తెరిచారు. "రేపంటే కష్టమండీ, మిషన్ కాస్త..." అంతలో భార్య చూపు తగిలింది. నోరు మూసుకుని తల నిలువుగా ఊపారు.

ఆయన పన్ను ఊగడం మానింది గానీ, తల మానలేదు.