ఎడమకాలి చెప్పుల దీవి

మంగళవారం ఉదయం స్పందన వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. తొమ్మిదింటికి వెల్లింగ్టన్‌కు ఒక ఫోన్. పదింటికి పడవ. మధ్యాహ్నానికల్లా కెటిల్ ఐలాండ్ మీది చెప్పులన్నీ సంచుల్లోకి.

చెప్పులు ఒక సరుకు ఓడవి. తుపానులో ఓడ విరిగి, కంటైనర్లు పగిలి, వేలకొద్దీ రబ్బరు చెప్పులు న్యూజిలాండ్‌లో డునెడిన్‌కు గంట దూరంలోని హార్పర్స్ బేకి కొట్టుకొచ్చాయి. సముద్రం వాటిని ఓపిగ్గా వేరుచేసింది. కుడికాలివి ఊరి బీచ్‌కి, ఎడమకాలివి ఎదురుగా ఉన్న కెటిల్ ఐలాండ్‌కి చేరాయి. బీచ్ ఊరి కౌన్సిల్‌ది కనుక కుడికాలివి వారంలో ఎత్తేశారు. దీవి ఎవరిదో తేలలేదు కనుక ఎడమకాలివి అక్కడే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా కౌన్సిలూ, వెల్లింగ్టన్‌లోని భూముల శాఖా ఆ దీవి మాదంటే మాదని ఉత్తరాలు రాసుకున్నాయి. చెప్పులు వచ్చిన మర్నాటి నుంచి మీదంటే మీదని రాసుకుంటున్నాయి.

కౌన్సిల్‌లో తీరం పనులు చూసే స్పందనకు దీవి ఎవరిదైనా ఒకటే. ఆమె బెంగంతా రాన్ గురించి. ఎనభై ఏళ్ల ఆ పాత జాలరి, దీవి మీద నీలి పెంగ్విన్లు గుడ్లు పెట్టుకోవడానికి చెక్కలతో నలభై పెట్టెలు చేసి, ఏటా తనే బాగుచేస్తాడు. ఇప్పుడు పెట్టెలన్నీ చెప్పుల కింద ఉన్నాయి. పెంగ్విన్లు మూడు వారాల్లో వస్తాయి.

"నా ఒక్కడి వల్ల కాదు. మనుషులు దొరుకుతారా?" అని అడిగాడు రాన్.

"దొరుకుతారు. నాది పూచీ," అంది స్పందన.

వెల్లింగ్టన్‌లో ఫోనెత్తినతను పదకొండు నిమిషాలు మర్యాదగా మాట్లాడి, చివర్లో "దీవి మీదే" అన్నాడు. పడవ ఆగిపోయింది. స్పందన పై అధికారి డెబీ తలుపు మూసి మరీ చెప్పింది.

"మన లోగో ఉన్న చొక్కా ఒక్కటి ఆ దీవి మీద కనబడితే, అది మనదని ఒప్పుకున్నట్టే. ఇక జన్మంతా అక్కడికొచ్చే ప్రతి చెత్తా మనదే."

"లోగో లేనివాళ్లు వెళ్తే?"

"నేనేమీ వినలేదు."

ఆ సాయంత్రం స్పందన లింగయ్య డెయిరీకి వెళ్లింది. పాలు, బ్రెడ్డు, పేపర్లు అమ్మే ఆ మూల కొట్టుతో పాటు, తెలుగు సంఘం అధ్యక్ష పదవి కూడా లింగయ్యదే.

"అంకుల్, ఆదివారం దీవి మీద చెప్పులు ఏరడానికి పదిమంది కావాలి. కానీ గప్‌చుప్‌గా."

"పదిమందేందమ్మా, నలభై మందిని తెస్త. మొన్న క్రైస్ట్‌చర్చ్‌ల మనోళ్లు పార్కు ఊడ్చి పేపర్ల పడ్డరు. మనమేం తక్కువ?"

"పేపర్ వద్దు. కౌన్సిల్ పేరు అస్సలు రాకూడదు."

"నాకు ఇడిచిపెట్టు బిడ్డా."

ఆదివారం నలభై ఆరుగురు దిగారు. మధ్యాహ్నానికి దీవి శుభ్రమైంది. రాన్ తన పెట్టెలన్నీ తుడుచుకుని, జీవితంలో మొదటిసారి పులిహోర తిని, ఇందులో చేప ఎక్కడుందని అడిగాడు. దీవి మీద కాలు పెట్టకూడని స్పందన ఒడ్డున నిలబడి బైనాక్యులర్లతో ఇదంతా చూస్తోంది. అప్పుడే రెండు కర్రల మధ్య రంగురంగులుగా ఏదో లేచింది.

పన్నెండడుగుల ఫ్లెక్సీ. ఒక మూల లింగయ్య, ఇంకో మూల డెబీ, మధ్యలో చేతులు జోడించిన తను. పైన ఇంగ్లిషులో, 'హార్పర్స్ బే కౌన్సిల్ వారి కెటిల్ ఐలాండ్‌కు స్వాగతం.'

ఆమె ఫోన్ చేసింది. "అంకుల్, ఏంటది?"

"ఫ్లెక్సీ లేకుంట ప్రోగ్రాం ఎట్లయితదమ్మా?"

"డెబీ ఫొటో ఎక్కడిది మీకు?"

"మీ వెబ్‌సైట్ల దొరికింది. మేడం మంచిగ నవ్వుతున్నది."

"ముందు దింపించండి."

"దింపుతం. ఫొటోలు కానియ్. పేపరాయన ఇప్పుడే పడవ దిగిండు."

సోమవారం తొమ్మిదింటికి వెల్లింగ్టన్ నుంచి ఉత్తరం వచ్చింది. దీవిపై కౌన్సిల్ హక్కును సంతోషంగా గుర్తిస్తున్నామని. పదకొండింటికి కౌన్సిల్ లాయరు జవాబిచ్చాడు. ఫ్లెక్సీ మాది కాదు, తెలుగు సంఘానిదని. రెండింటికి వెల్లింగ్టన్ లింగయ్యనే అడిగింది, దీవి మీద జరిగిన దానికి బాధ్యత ఎవరిదని. అది సన్మానానికి ముందు అడిగే ప్రశ్న అనుకున్నాడాయన. పూర్తి బాధ్యత మా సంఘానిదేననీ, ఇకపై ఏటా వనభోజనాలు అక్కడేననీ రాసి సంతకం చేశాడు.

మర్నాడు పేపర్లో 'కెటిల్ ఐలాండ్‌కు మూడో హక్కుదారు' అని వచ్చింది.

ముప్పై ఏళ్లలో తేలనిది మూడు రోజుల్లో తేలింది. మూడోవాళ్లకు పోనివ్వకూడదని, దీవి తనదేనని భూముల శాఖ ప్రకటించేసింది. డెబీ ఆఫీసుకు కేకు తెచ్చింది. స్పందన కేకు ముక్క పట్టుకుని రాన్ దగ్గరికి పరిగెత్తింది.

రాన్ చేతిలో అప్పటికే ఒక కాగితం ఉంది. కొత్త యజమాని మొదటి నోటీసు. అనుమతి లేనిదే ఎవరూ దీవి మీద దిగరాదు. దరఖాస్తు పరిశీలనకు అరవై పనిదినాలు. కింద, దీవి మీద మిగిలిన చెత్త జాబితా. చెప్పులు, లేవు. అనుమతి లేని చెక్కపెట్టెలు, నలభై. తొలగించవలెను.

"అవి చెత్త కాదని నేను రాస్తాను," అంది స్పందన.

"రాయి," అన్నాడు రాన్. "వాళ్లిద్దరూ పోట్లాడుకున్నన్నాళ్లూ నన్నెవరూ ఏమీ అడగలేదు. నువ్వు మంచికే చేశావులే."

తిట్టినా బాగుండేదనిపించిందామెకు. ఏడు ఉత్తరాలు రాసింది. ఏడింటికీ, మీ ఉత్తరం అందింది అని జవాబు వచ్చింది. తర్వాతి గురువారం హెలికాప్టర్ వచ్చి నలభై పెట్టెల్నీ రెండు వలల్లో ఎత్తుకుపోయింది.

ఆపై వారం ఒక సాయంత్రం పెంగ్విన్లు వచ్చాయి. ఒడ్డున రాన్, పక్కనే స్పందన. బైనాక్యులర్లు చేతులు మారుతున్నాయి. పక్షులు పెట్టెలుండే చోట అటూ ఇటూ తిరిగాయి. కాసేపు నిలబడ్డాయి. ఒకటొకటిగా మళ్లీ నీళ్లలోకి దిగిపోయాయి.

కెటిల్ ఐలాండ్ శుభ్రత పని నూటికి నూరు శాతం పూర్తయినట్టు భూముల శాఖ వెబ్‌సైట్‌లో ఉంది.