అత్తగారి కడుపులో దొంగ

పాప కడుపునొప్పికి కారణం దొరికిన రోజున నాలుక మాస్టారు డాక్టరు గదిలోనే కాస్త ఏడ్చాడు, కాస్త నవ్వాడు. ఏడుపు కూతురి కోసం. నవ్వు ఎందుకో ఇప్పుడే చెబితే మీరు అతన్ని తిట్టిపోస్తారు. కాబట్టి నిదానంగా చెబుతాను.

మాస్టారు ఒక పెద్ద ఆఫీసు క్యాంటీన్లో వంటవాళ్ళకి పెద్ద. నాలుక మీద చుక్క పడితే చాలు, ఉప్పెంతో, పులుపెంతో, వండినవాడు ఇంట్లో పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేస్తాడు. అందుకే ఆ పేరు. ఇంట్లో మాత్రం ఆ నాలుకకి పెద్దగా పని ఉండదు. అత్తగారు దిగినప్పటినుంచీ అసలే లేదు.

అత్తగారు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. ఉద్యోగం రిటైరైంది గానీ ఆవిడ కాలేదు. “పాపకి నొప్పి తగ్గేదాకా ఉంటా” అని వచ్చి, వచ్చిన వారంలోనే ఇంటిని హాస్టలు చేసేసింది. తొమ్మిదింటికి లైట్లు బందు. టీవీ రిమోటు ఆవిడ దిండు కింద. భోజనానికి ముందు పాప గోళ్ళతో పాటు అల్లుడి గోళ్ళు కూడా తనిఖీ.

సరే, డాక్టరమ్మ దగ్గరికి వద్దాం.

“పాప కడుపులో ఒక బాక్టీరియా చేరింది. హెలికోబాక్టర్ పైలోరీ అంటారు” అందావిడ.

“హెలికాప్టర్ పైలటా?” అన్నాడు మాస్టారు.

“మీరు కాసేపు నోరు మూసుకోండి” అంది భార్య.

“కడుపంటే ఖాళీ సంచీ కాదండీ. అందులో రకరకాల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. చాలావాటితో మనకి పేచీ లేదు. ఇది మాత్రం రౌడీ రకం. కడుపులో అంత ఆసిడ్ ఉన్నా చావదు. ఒకసారి వచ్చి కూర్చుందంటే, సరైన మందు పడేదాకా ఏళ్ళ తరబడి కదలదు.”

వచ్చి కూర్చుంటే కదలనిదా! మాస్టారికి వెంటనే ఇంట్లో ఒక మనిషి గుర్తొచ్చింది.

“మా పిల్లకి ఎలా వచ్చిందండీ?” అంది భార్య.

“పిల్లలకి ఇది చాలావరకు ఇంట్లోవాళ్ళ దగ్గరనుంచే వస్తుందమ్మా. పెద్దవాళ్ళకి తమలో ఉన్నట్టు కూడా తెలియదు. పాపకి రెండు వారాల మందులు రాస్తాను, తగ్గిపోతుంది. కానీ ఇంట్లో ఇంకెవరిలోనైనా ఉంటే మళ్ళీ అంటుకునే ప్రమాదం ఉంది. మీరూ ఓసారి పరీక్ష చేయించుకుంటే మంచిది.”

అదిగో, మాస్టారు నవ్వింది అక్కడే.

ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే ప్రకటన చేశాడు. “అందరం పరీక్ష చేయించుకోవాలి. పెద్దవాళ్ళు ముందు.”

అత్తగారు కళ్ళజోడు మీదనుంచి చూసింది. “పెద్దవాళ్ళంటే నేనేగా?”

“అబ్బెబ్బే, మీరని కాదు అత్తయ్యగారూ! పోయిన సెలవులంతా పాప మీ దగ్గరే ఉంది. మీరు ఓ గుక్క తాగి చూసిన పాలే అది తాగుతుంది. అంతే. సాక్ష్యాలు అలా ఉన్నాయి, నేనేం చేసేది?”

“ఆ పురుగు నాలోనే ఉందని తేలితే, ఆ పూటే పెట్టె సర్దుకుంటా అల్లుడుగారూ.”

“ఛ ఛ, అంత మాటెందుకండీ” అన్నాడు నోటితో. బస్సెక్కించాలా రైలెక్కించాలా అన్నది అతని మనసులో మాట.

ల్యాబుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి వివరంగా చెప్పింది. పరగడుపున రావాలి, మందు కలిపిన నీళ్ళు తాగి సంచీలోకి ఊదాలి. “ఒక్క షరతండీ. ఆసిడ్ తగ్గే మాత్రలు వాడేవాళ్ళు రెండు వారాల ముందే మానెయ్యాలి. లేదంటే బాక్టీరియా ఉన్నా లేనట్టు చూపిస్తుంది.”

మాస్టారు చెప్పుల బీరువా వైపు దొంగచూపు చూశాడు. ఎందుకంటే అయ్యవారు ఎన్నాళ్ళుగానో రోజూ ఆ మాత్రలే మింగుతున్నాడు. తన వంట తిని తనకే కడుపులో మంటంటే క్యాంటీన్లో పరువేం కావాలి? అందుకని మాత్రలన్నీ ఒక సీసాలో పోసి, చెప్పుల బీరువాలో పాత బూటులో దాచుకున్నాడు.

ఉన్నా లేనట్టు చూపిస్తుంది! ఈ ముక్క అతనికి తెగ నచ్చింది. తనలో లేకపోతే సరేసరి, ఉన్నా బయటపడదు. దొంగ మిగిలేది అత్తగారే. ‘నేను మానకపోతే ఎవడడుగుతాడు?’ అనుకుని, ఆ పూటనుంచి ఒకటికి రెండు వేసుకోవడం మొదలుపెట్టాడు.

విచిత్రమేమిటంటే, రెండు వేసుకున్నా మంట తగ్గలేదు. పైగా పెరిగింది. క్యాంటీన్లో అతని తేన్పులకి గిన్నెలు కడిగేవాళ్ళు ఉలిక్కిపడి గిన్నెలు జారవిడిచారు. ఆఫీసు పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ “లోపల ఏదో పేలిందయ్యా, గ్యాసు చూసుకోండి” అన్నాడు.

అది చాలదన్నట్టు ఇంకో వింత. బాత్రూముకి వెళ్తే ధార పచ్చగా, మెరిసిపోతూ పడుతోంది. కామెర్లేనని ఖాయం చేసుకుని అద్దం ముందు నిలబడి కళ్ళూ నాలుకా పరీక్షించుకోసాగాడు.

“ఏమండీ, గంటసేపట్నించి అద్దంలో ఏం వెతుకుతున్నారు?” అంది భార్య.

“ఏముంది, నా అందం.”

“దొరికితే పిలవండి, నేనూ చూస్తా.”

ఎవరికీ చెప్పుకునే దారి లేదు. కామెర్లంటే డాక్టరు, డాక్టరంటే “ఏం మందులు వాడుతున్నారు?” అనే ప్రశ్న. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా తిరిగాడు.

ఈలోగా పాప మందులు పూర్తయ్యాయి. ఒకరోజు పళ్ళెం ఖాళీ చేసి “ఇంకా పెట్టు” అంది. ఎన్ని నెలలైందో ఆ మాట విని! మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. అది మాత్రం నాటకం కాదు, కూతురంటే అతనికి ప్రాణం.

పరీక్ష రోజు రానే వచ్చింది. భార్య ఊదింది. అత్తగారు ఊదింది. మాస్టారు ధీమాగా ఊదాడు. సాయంత్రానికి ఫలితాలు ఫోనుకే వచ్చాయి. భార్య చదివింది.

“నాకు లేదు. అమ్మకి లేదు. మీకు ఉంది.”

“అబద్ధం! ఆ ల్యాబువాళ్ళకి ఏమీ తెలీదు! నాకు రావడానికి వీల్లేదు!”

“ఎందుకు వీల్లేదు?” భార్య చాలా మెత్తగా అడిగింది.

“ఎందుకంటే, నేను రోజూ రెండేసి మాత్రలు…” అని నాలుక కరుచుకున్నాడు.

“బూటులోవా? అవి నాకు ఎప్పుడో దొరికాయి, ల్యాబు షరతు విన్న రోజే మార్చేశాను. మీరు మింగినవి బి-కాంప్లెక్సు మాత్రలు.”

“ఆఁ! అందుకేనా పచ్చగా…”

“అందుకే. ఇంత నాలుకున్న మనిషి మాత్ర తేడా కనిపెట్టలేకపోయాడని నేనూ అమ్మా వంటింట్లో పడీపడీ నవ్వుకున్నాం.” ఇప్పుడు మాత్రం ఆమె నవ్వడం లేదు. “కానీ నవ్వులకి చెయ్యలేదండీ ఆ పని. మీ పరీక్ష తప్పు చూపించి ఉంటే పిల్లకి మళ్ళీ అంటుకునేది. అది కడుపు పట్టుకుని ముడుచుకుపోయి పడుకుంటే నా ప్రాణం విలవిల్లాడేది. మా అమ్మని సాగనంపడానికి దాన్ని ఆ బాధలోకి మళ్ళీ తోస్తారా? క్యాంటీన్లో రుచి చూసిన చెంచా మళ్ళీ గిన్నెలో పెడితే కుర్రాళ్ళని చెడామడా తిడతారు. ఇంట్లో మీరు సగం కొరికి పిల్ల నోట్లో పెడతారు. ఆఫీసువాళ్ళ కడుపులే కడుపులా?”

అత్తగారిని ఎలా పంపాలా అని ఆలోచించాడే గానీ, అంత దూరం అతను ఆలోచించలేదు. తల ఎత్తలేకపోయాడు. “తప్పే. బుద్ధి గడ్డి తింది” అన్నాడు.

“సర్లెండి అల్లుడుగారూ, ఎవరి కడుపులో ఏముందో ఎవరికి తెలుసు” అంది అత్తగారు, ఎంతో జాలిగా. “పాప కోలుకుంది కదాని నేను ఈ ఆదివారానికి టికెట్టు తీసుకున్నాను.”

మాస్టారు ఆశగా తలెత్తాడు.

“ఇందాకే రద్దు చేశాను. ఇప్పుడు మీకు రెండు వారాల కోర్సు. అది పోయిందో లేదో చూడ్డానికి ఇంకో నెలాగి మళ్ళీ పరీక్ష. పాపం మా అమ్మాయి ఒక్కతే ఎన్నని చూసుకుంటుంది?”

అందరికీ పరీక్షలంటూ తను ఎగరకుండా ఉండుంటే ఆదివారం రిమోటు తన చేతికొచ్చేదని లెక్క తేలేసరికి మాస్టారికి కొత్తగా కడుపులో మండింది. ఈ మంటకి ఏ మాత్రా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గ్లాసుతో, మాత్రలతో ఎదురుగా నిలబడింది. పెద్ద మాత్ర చేదు ఆ నాలుకకి విషంలా తగిలింది. మాస్టారు గుటుక్కుమనిపించి లేవబోయాడు.

“ఆగండి. నోరు తెరవండి. నాలుక ఎత్తండి. ఊఁ, ఏమీ లేదు.”

“అమ్మమ్మా, ఎడమ బుగ్గలో చూడు” అంది పాప.