పనిలోంచి తీసేసిన చిప్పు

బావమరిది తనకు చేసిన అపకారాలను వెల్డింగు మేస్త్రి మనసులో అంతస్తులుగా కట్టుకున్నాడు. స్కూటరు అడిగి తీసుకెళ్ళి హ్యాండిలు వంకర చేసి తెచ్చి, "ముందునుంచీ ఇంతే కదా బావా" అనడం కింది అంతస్తు. వాళ్ళమ్మను పది రోజులకని తెచ్చి దింపి, మళ్ళీ తీసుకెళ్ళే మాట మరచిపోవడం ఆ పై అంతస్తు. అన్నిటికంటే పైన, గాలీ వెలుతురూ బాగా తగిలే చోట, ల్యాప్‌టాప్ ఉంది.

"గేట్లకీ గ్రిల్స్‌కీ డిజైన్లు గీసుకోవచ్చు బావా. ఇది గేములాడే ల్యాప్‌టాప్, దీంట్లో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి. చిన్నది చిల్లర పనులు చూసుకుంటుంది, పెద్దది బరువు పనులు చూసుకుంటుంది" అని చెప్పి దాన్ని కొనిపించింది బావమరిదే. ఒక పనికి ఇద్దరెందుకని మేస్త్రి దుకాణంలోనే నిలదీశాడు. నిలదీసి కూడా కొన్నాడు. అదీ ఆయన మంట.

దానిమీద గీసిన గేట్లు రెండే రెండు. ఆ తర్వాత ఆయనకు సేద్యం ఆట దొరికింది. ఇంటర్నెట్టులో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఆడే ఆట అది. ట్రాక్టరుంటుంది, బోరుంటుంది, వాన కూడా పడుతుంది. నిజం నేలతో మేస్త్రికి మొదటినుంచీ చుక్కెదురే. తండ్రి పోయాక ఉన్న కాస్త పొలాన్నీ అన్నలు పంచేసుకుని, ఏడో తరగతిలో బడి మానేసి వెల్డింగు నేర్చుకున్న తమ్ముడితో, "నీ చేతిలో పనుందిగా, నీకెందుకురా నేల?" అన్నారు. అప్పటినుంచి ఆయన చేసిన గేట్లన్నీ ఇతరుల స్థలాలకే. ఇప్పుడు మొదటిసారిగా తనకంటూ పదిహేడున్నర ఎకరాలు ఏర్పడ్డాయి. ప్రతి సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని తెరమీద వాటి చుట్టూ ఒకసారి తిరిగితేగాని ఆయనకు కడుపు నిండేది కాదు.

ఆ ఆటలో ఒక పాడు నిబంధన ఉంది. ఆదివారం పొద్దున పదకొండులోగా ఎవరి పొలానికి వాళ్ళు కొత్తగా కంచె వేసుకోవాలి. వేయకపోతే, పక్క పొలంవాళ్ళ కంచె జరిగి దాన్ని కలిపేసుకుంటుంది. మేస్త్రి పక్క పొలం పిచ్చుక అనే పేరుతో ఆడుతున్న ఎవరిదో. పేరు పిచ్చుకేగాని పనులు గద్దవి. వారం వారం ఆయన గట్టువరకూ వచ్చి తొంగి చూసి పోతుండేది. మేస్త్రి ఆ మనిషికి గట్టుదొంగ అని పేరు పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం మేస్త్రి వేసుకున్న పథకం చాలా మామూలుది. టిఫిను తినాలి, కంచె వేయాలి, గట్టుదొంగ కళ్ళముందే ట్రాక్టరు మీద ఒక చుట్టు తిరగాలి, నిద్రపోవాలి.

ట్రాక్టరెక్కాడు. అది కదిలింది, ఆగింది, ఉన్నట్టుండి ఎగిరి బోరు దగ్గర పడింది. కాలిలో మేకు దిగినవాడిలా నడుస్తోంది. ఎద్దు ముద్దలా, గడ్డివాము గచ్చుముక్కలా కనిపిస్తోంది. మేస్త్రి బావమరిదికి ఫోను చేశాడు.

"రాత్రి అప్‌డేట్ ఏమైనా వచ్చిందా బావా?"

"వచ్చింది. పిలవకుండానే వచ్చింది, నీలాగే."

"అదే అయ్యుంటుంది. చిప్పుకి పని చెప్పేది డ్రైవరని చెప్పానా? చిన్న చిప్పుకి కొత్త డ్రైవరు దిగింది, పెద్దదానికి పాతదే ఉంది. రెండిటికీ పొసగట్లేదు. ఆట వెళ్ళి చిన్నదాని నెత్తిన పడింది. నువ్వు మాత్రం ఏదీ ముట్టుకోకు. స్నానం చేసి వచ్చేస్తా."

"నీ స్నానం నాకు తెలీదా? భోజనం వేళకి తేలతావు."

ముట్టుకోవద్దని ఎవరైనా అంటే మేస్త్రి చేతులు ఊరుకోవు. ఏ చిప్పు ఎంత పని చేస్తోందో చూపించే పట్టీ తెరిచాడు. చిన్న చిప్పు నూటికి నూరు శాతం రొప్పుతోంది. పెద్ద చిప్పు సున్నా. ఆయనకు విషయం ఇట్టే అర్థమైపోయింది. షాపులో రోజూ చూసేదే. పని నేర్చుకుంటున్నవాడు వెల్డింగు హోల్డరు పట్టుకుని వదలకపోతే, చేయి తిరిగినవాడు గోడకానుకుని చోద్యం చూస్తుంటాడు. దీనికి మేస్త్రి దగ్గర ఉన్న మందు ఒకటే. మొదటివాడి చేతిలోంచి హోల్డరు లాక్కుని గేటు బయటికి పంపేయాలి. అప్పుడు రెండోవాడు తప్పక నడుం వంచుతాడు.

చిన్న చిప్పు పేరుమీద నొక్కి, డిసేబుల్ అన్న మాట ఎంచుకున్నాడు. ఇలా చేస్తే ఈ పరికరం పనిచేయదు, సరేనా అని కంప్యూటరు అడిగింది.

"పనిచేయకూడదనేగా నా ఏడుపు" అంటూ సరే నొక్కాడు.

తెర ఒక్కసారి కళ్ళు మూసి తెరిచింది. అక్షరాలు ఒక్కొక్కటీ పిడికిలంత అయ్యాయి. ఆట తెరవబోతే, తగిన గ్రాఫిక్స్ పరికరం కనబడలేదంది.

"ఎదురుగా అంత లావుది కూర్చునుంటే కనబడకపోవడమేంటి!" అని మేస్త్రి పళ్ళు నూరాడు. పెద్దది అలిగిందేమో అనుకున్నాడు. చిన్నదానికి కొత్త డ్రైవరిచ్చి తనకివ్వకపోతే ఎవరికైనా మనసు కష్టమే. పెద్దదాని పాత డ్రైవరు పీకేసి, కొత్తది వెతికి దింపి ఎక్కించాడు. మళ్ళీ ఆన్ చేయమంటే చేశాడు. ఈసారి తెర నల్లగా అయి అలాగే ఉండిపోయింది. ఫ్యాను మాత్రం హోరుమంటోంది. కీబోర్డు ఏడు రంగుల్లో ధగధగలాడుతోంది, తన ఇంట్లో ఏం జరిగిందో తెలియనట్టు.

గడియారం పది దాటింది. మేస్త్రి ఒంట్లో ఉన్న మొండితనమంతా చేతుల్లోకి వచ్చింది. విప్పి చూద్దామనుకున్నాడు. షాపులో తనకింద పెద్ద పనివాడు ఒకడున్నాడు. మాట్లాడితే గరగరమంటాడు కాబట్టి వాడిని అందరూ గ్రైండరంటారు. వాడికి ఫోను చేశాడు.

"ఒరే గ్రైండరూ, సన్న స్క్రూడ్రైవర్ల పెట్టె తీసుకుని ఉన్నపళంగా ఇంటికి రా."

"ఏమైంది మేస్త్రీ? గొంతు అలా ఉందేంటి?"

"పదకొండులోపు హద్దు వేయకపోతే పదిహేడున్నర ఎకరాలూ పోతాయిరా! పక్కపొలం గట్టుదొంగ కాచుక్కూర్చున్నాడు!"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సాయంత్రాలు షాపు కట్టేసేటప్పుడు మేస్త్రి తన పొలం సంగతులు పనివాళ్ళకు చెబుతుండేవాడు. బోరులో నీళ్ళెలా పడ్డాయో, కొత్త ట్రాక్టరు ఎలా లాగుతోందో అన్నీ వర్ణించేవాడు. అది ఎక్కడుందన్న మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. వాళ్ళూ అడగలేదు.

కాబట్టి గ్రైండరు వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ల పెట్టెతోపాటు ఇద్దరు మనుషుల్ని, ఆటో నిండా ఇనప ఊచల్ని కూడా తెచ్చాడు. తలుపు తీసిన మేస్త్రి భార్యకు నమస్కారం పెట్టి, "వదినా, పొలం దగ్గరికి దారి చెప్పండి చాలు. మేస్త్రిని రానీకండి, మేం చూసుకుంటాం" అన్నాడు.

"ఏం పొలం?" అంది ఆవిడ.

"అదే వదినా, మీ పదిహేడున్నర ఎకరాలు. బోరు పక్కన మేస్త్రి ఈమధ్యే షెడ్డు కూడా వేశారుగా!"

ఆవిడ చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. నేరుగా గదిలోకి వచ్చింది.

"ఏమండీ, షెడ్డెవరికోసం వేశారు?"

"ట్రాక్టరుకి" అన్నాడు మేస్త్రి, స్క్రూలు విప్పుతూ, తల ఎత్తకుండా.

"ట్రాక్టరు కూడానా! వంటింట్లో మిక్సీ కాలిపోయి నాలుగు నెలలైంది. అడిగితే చేతిలో చిల్లిగవ్వ లేదన్నారు. ఎవరి పేరున రాశారు అదంతా?"

"నా పేరునే. ఎవరి పేరునో రాస్తే మా అన్నలకీ నాకూ తేడా ఏముంది?"

"అయితే ఇన్నాళ్ళూ నా దగ్గర దాచారన్నమాట."

"దాచడమేంటి? రోజూ నీ ఎదురుగానే దున్నుతున్నా కదే!"

ఈ మాట విని గ్రైండరు తెచ్చిన మనుషులిద్దరూ మేస్త్రిని ఎగాదిగా చూశారు. హాల్లో పేము కుర్చీలో కూర్చున్న అత్తగారు మాత్రం ఈ గొడవంతటికీ ఒక్కసారి కూడా తల తిప్పలేదు. ఆవిడ ఎదురుగా టీవీలో సీరియలు నడుస్తోంది, ఒడిలో కొడుకిచ్చిన పాత ట్యాబ్ ఉంది. ఆవిడకు అవసరమైనవి తప్ప మిగతావి వినబడవు.

అప్పుడు ఊడిపడ్డాడు బావమరిది, తల తడారకుండానే. ఊచల ఆటోను దాటుకుని లోపలికి వచ్చి, సగం విప్పిన ల్యాప్‌టాప్‌ను చూసి నెత్తిన చేయి పెట్టుకున్నాడు.

"ముట్టుకోకు అన్నానా?"

"చిన్నదాన్ని పనిలోంచి తీసేశా. పెద్దదానికి కొత్త డ్రైవరిచ్చా. అయినా పని చేయట్లేదు. ఇదీ నువ్వు కొనిపించిన సరుకు!"

"పెద్దది పని చేస్తూనే ఉంది బావా, ఫ్యాను వినబడట్లా? కానీ ఈ తెరకి తీగ దానినుంచి లేదు. పెద్దది ఎంత గొప్ప బొమ్మ గీసినా, తీసుకొచ్చి తెరమీద పెట్టేది చిన్నదే. నువ్వు దాన్ని తీసేశావు. ఇప్పుడది లోపల కూర్చుని గీస్తూనే ఉంది, చూపించేవాడు లేడు."

గ్రైండరు గొంతు సవరించుకున్నాడు. "అంటే మేస్త్రీ, గేటు చేసేవాణ్ణి ఉంచి, బిగించేవాణ్ణి పంపేశారు."

"నువ్వు నోర్ముయ్."

"పావుగంట పని" అన్నాడు బావమరిది. "వేరే దారిలో తెరిచి, చిన్నదాన్ని మళ్ళీ పనిలో పెట్టి, దాని కొత్త డ్రైవరు తీసేసి పాతది వేస్తే చాలు. లేదంటే ఫోనులో ఆడేయ్. ఈ ఆట ఫోనులోనూ వస్తుందని ఎప్పుడో చెప్పా."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఆయన మెడలో నరాలు తేలాయి.

"ఫోనులో దున్నేది దున్నడమా? బొటనవేలితో గీకేవాళ్ళు కుండీల్లో మొక్కలు పెంచుకోవాలి. ఇక ఆ చిన్నదంటావా? గేటు దాటించినవాణ్ణి మళ్ళీ బతిమాలి పిలుచుకునే అలవాటు మా షాపులో లేదు. ఇంకో దారి చెప్పు."

బావమరిది ఆయన మొహం చూశాడు, గడియారం చూశాడు. "ఇంకో దారంటే, పక్కనున్న రంధ్రానికి తీగ పెట్టి టీవీకి కలపాలి. ఆ రంధ్రం నేరుగా పెద్దదానిదే. చిన్నదానితో పనిలేదు."

"చూశావా! నే చెప్పలా?" అని మేస్త్రి ల్యాప్‌టాప్‌ను పసిబిడ్డలా రెండు చేతుల్లో ఎత్తుకుని హాల్లోకి పరిగెత్తాడు. వెనకాల బావమరిది తీగతో, భార్య గరిటెతో, గ్రైండరు మనుషులతో.

"అత్తయ్యగారూ, టీవీ కావాలి."

"ఆఁ?"

"టీవీ! టీవీ!"

"చూస్తున్నా నాయనా. ఆ కోడలు ఇప్పుడే నిజం చెప్పబోతోంది."

"రేపు చెబుతుంది! రిమోటు ఇవ్వండి!"

"రిమోటా? ఇక్కడే ఉండాలే." ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు లేచి, దుప్పటి దులిపి, దిండు తిప్పి, కళ్ళజోడు పెట్టెలో కూడా వెతికి, చివరికి తను కూర్చున్న చోటే దొరికిందని అందించింది. మధ్యలో ఒకసారి గోడ గడియారంవైపు చూసింది. గ్రైండరు మనుషులు టీవీ బల్లను జరిపారు. బావమరిది వెనక్కి దూరి తీగ గుచ్చాడు.

టీవీ వెలిగింది. మేస్త్రి ఆట తెరిచాడు. ఏం వెలుగది! ఒక్కో గడ్డిపోచా విడివిడిగా కనిపిస్తోంది. ట్రాక్టరు వెన్నలో కత్తిలా కదులుతోంది. పెద్ద చిప్పు తన తడాఖా అంతా చూపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో తలుపు సందులోంచి చూస్తున్నట్టుండే బొమ్మకు అలవాటుపడ్డ మేస్త్రికి కళ్ళు చెమర్చాయి.

"ఇదా వదినా పొలం?" అన్నాడు గ్రైండరు నీరసంగా. ఆవిడ గరిటె దించింది. ఆవిడ మొహంలో ముందు ఊరట, వెంటనే దానికంటే పెద్ద కోపం కనిపించాయి.

మేస్త్రి అదేమీ చూడలేదు. ఆయన హద్దుకోసం వెతుకుతున్నాడు. హద్దు లేదు. కంచె ఆయన పొలాన్ని దాటి, బోరును దాటి, షెడ్డును దాటి అవతలి అంచున నిలబడింది. మధ్యలో కొత్త బోర్డు పాతి ఉంది. దానిమీద పిచ్చుక అని రాసి ఉంది. గడియారంలో పదకొండు దాటి రెండు నిమిషాలు.

మేస్త్రి కీబోర్డు ముందు మోకాళ్ళమీద కూర్చుని, ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతూ, గట్టుదొంగకు సందేశం కొట్టాడు.

"ఎవడ్రా నువ్వు? దమ్ముంటే నా ముందుకి రా!"

పంపించాడు. పేము కుర్చీలో ట్యాబ్ టింగుమంది.

అందరి తలలూ అటు తిరిగాయి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని సందేశం తీరిగ్గా చదువుకుంది.

"లేవలేను నాయనా, మోకాళ్ళ నొప్పులు" అంది.

బావమరిది తలుపువైపు ఒక అడుగు వేశాడు. "పొద్దుపోవట్లేదంటే నేనే ఆట వేసిచ్చా బావా. నీ పక్కనే ఖాళీ ఉంటే, మనవాళ్ళేగా అని..."

మేస్త్రి మనసులో మేడమీద ఇంకో అంతస్తు లేచింది.

"బొటనవేలితో గీకి ఇంత నేల సంపాదించావా అమ్మా!" అంది భార్య. మిక్సీ గురించి ఆవిడ అప్పటికి మరచిపోయింది.

"ఉత్తినే రాలేదే. వారం వారం గట్టుదాకా వెళ్ళి చూసొచ్చేదాన్ని" అని అత్తగారు అల్లుడివైపు తిరిగింది. "అల్లుడుగారూ, బయటివాళ్ళకెందుకు, మీకే కౌలుకిస్తాను. షెడ్డులో ట్రాక్టరు కూడా వాడుకోండి."

"మేస్త్రీ, ఊచలు దింపమంటారా, వెనక్కి తీసుకుపోమంటారా?" అని గ్రైండరు మెల్లగా అడిగాడు.

మేస్త్రి లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. బావమరిది ఇదే అదనని ల్యాప్‌టాప్ అందుకుని, "పోనీ, చిన్నదాన్ని మళ్ళీ పెట్టెయ్యనా బావా? ఒక్క నొక్కు" అన్నాడు.

"పెట్టావంటే చేయి విరుగుతుంది. దాన్నీ పిలవను, కౌలుకీ చేయను. రాళ్ళూ ముళ్ళూ ఉన్న బంజరు చూసి మళ్ళీ మొదటినుంచి దున్నుకుంటా. దున్నేది ఈ టీవీలోనే. సీరియలు ఎవరు చూస్తారో నేనూ చూస్తా."

అత్తగారికి ఈ మాట మాత్రం చక్కగా వినబడింది.

అలా ఆ ఆదివారం చిన్న చిప్పు బయటే ఉండిపోయింది, మేస్త్రి పంతం లోపలే ఉండిపోయింది, పోయినవి పదిహేడున్నర ఎకరాలు, అందులో ఆరింటికి ఆయన ముందురోజే నీళ్ళు కట్టాడు.