గుమ్మానికి వేలాడిన గ్రహాంతర జీవి

శనివారం పొద్దున జగన్మోహనరావు పెట్టుకున్న పని ఒక్కటే. సింగపూరు టాంపినీస్‌లో తన ఫ్లాట్ గుమ్మానికి దిష్టి తగలకుండా కట్టిన బూడిద గుమ్మడికాయ కుళ్ళి కారుతోంది. మేనేజరు పురుషోత్తం భోజనానికి వచ్చేలోగా దాన్ని వదిలించుకోవాలి. అసలే అది తొంభై తొమ్మిదో సంవత్సరం. కంప్యూటర్లను రెండువేల సంవత్సరపు గండం దాటించడానికి అతన్ని ఇండియా నుంచి పిలిపించారు. కాంట్రాక్టు పొడిగించడమో, మూటాముల్లె సర్దించడమో సోమవారం పురుషోత్తమే తేలుస్తాడు. ఈమధ్య కళ్ళు మూసుకుంటే జగన్మోహనరావుకు ఆయన ముఖమే కనిపిస్తోంది.

"చెత్త కిందికి జార్చే గొట్టంలో పడేస్తా," అన్నాడు.

"దిష్టి లాగిన కాయండీ! ఇంటి చెత్తలో కలుపుతారా? నాలుగు రోడ్ల కూడలిలో పగలగొట్టి రండి," అంది భార్య అరుంధతి.

"ఇది సింగపూరే! రోడ్డు మీద గుమ్మడికాయ కొడితే ఫైన్ వేస్తారు."

"అయితే ఫైన్ వెయ్యనిచోట కొట్టండి."

పదేళ్ళ కూతురు నందిత కామిక్ పుస్తకంలోంచి తలెత్తింది. అందులో అంతరిక్షం నుంచి ఊడిపడ్డ జీవి ఒకటి నౌకలోని వాళ్ళను ఒక్కొక్కరినే మింగుతోంది. దాని బారిన పడకుండా బతికే నియమాలన్నీ ఆ పిల్లకు కంఠతా వచ్చు. మాట చివర సింగపూరు వాళ్ళు తగిలించే 'లా' కూడా వచ్చేసింది.

"డాడీ, అది ఏలియన్ ఎగ్, లా! చూడు, పౌడర్, స్లైమ్! ఇంట్లోకి మాత్రం తేవద్దు. అందరూ చేసే ఫస్ట్ మిస్టేక్ అదే."

"నువ్వు నోర్మూసుకుని చదువుకో."

సంచీ కోసం అతను కాయను ఇంట్లోకే తెచ్చాడు. దాని అడుగుభాగం ఊడి సోఫా మీద పడింది. అరుంధతి ఒక చేత్తో ముక్కు, ఇంకో చేత్తో పులిహోర గిన్నె మూసి, మిగిలిన ఓపికతో మొగుణ్ణి తిట్టింది.

"ఒక్కడివే వెళ్ళకు డాడీ! ఒక్కడే వెళ్ళినవాడు మళ్ళీ రాడు."

ఒక్కడే వెళ్ళాడు.

"లిఫ్ట్ అసలొద్దు!"

లిఫ్టే ఎక్కాడు. భయపడేవాడికి సలహా కూడా ఇంకో భయంలాగే వినిపిస్తుంది.

మధ్యలో ఎక్కిన చీనా ఆంటీ అతని చొక్కా మీది తెల్లపొడినీ, కారుతున్న సంచీనీ చూసి కెవ్వుమని అలారం నొక్కింది. ఆ మోతకు అతను సంచీని గుండెకు హత్తుకున్నాడు. కింద తలుపు తెరుచుకుంది. ఎదురుగా నారింజపళ్ళతో పురుషోత్తం! సంచీ జారి, కాయ ఆయన కాళ్ళ ముందు భళ్ళున పగిలింది.

"సార్... సారీ సార్... ఇది..."

ఇంతలో మెట్ల మీంచి నందిత ఉప్పు పొట్లంతో దూకుతూ వచ్చింది. కామిక్‌లో ఆఖరి ఆయుధం ఉప్పే.

"అంకుల్, డోంట్ మూవ్! కళ్ళు మూసుకోండి!"

పురుషోత్తం బిగుసుకుపోయి కళ్ళు మూసుకున్నాడు. నందిత ఆయన చుట్టూ తిరుగుతూ ఉప్పు చల్లింది. జగన్మోహనరావు తన ఉద్యోగం అక్కడే, ఆ గుజ్జులో, కరిగిపోవడం చూస్తూ నిలబడ్డాడు.

పురుషోత్తం కళ్ళు తెరిచి జగన్మోహనరావు భుజం మీద చెయ్యి వేశాడు.

"మా నాయనమ్మ పోయాక నాకెవరూ దిష్టి తీయలేదు జగన్. ఇక్కడ టోవా పాయోలో మా ఇంట్లో ఇవేవీ ఎవరికీ తెలీదు. నువ్వు కిందికి దిగొచ్చి మరీ గుమ్మడికాయ కొట్టావ్! పాప చేత ఉప్పు కూడా!"

జగన్మోహనరావు నిజం చెప్పబోయి, మానేసి, ఆయన చేతిలోని నారింజపళ్ళు అందుకున్నాడు.

"ఆఫీసులో మెషీన్లకు కూడా దిష్టి తీస్తావా? న్యూ ఇయర్ తలుచుకుంటే నిద్ర పట్టదు, లా."

సోమవారం కాంట్రాక్టు పొడిగించారు. అతనికి ప్రోగ్రాములు రాయడం వచ్చో రాదో ఆ తర్వాత ఎవరూ అడగలేదు.