తాత పేరు చెప్పుకుని

"ఒక బ్రౌజరు గొప్పతనం అది ఎన్ని పేజీలు తెరిచింది అన్నదాంట్లో లేదు, ఎంత నిజాయితీగా తెరిచింది అన్నదాంట్లో ఉంది!" అని మా డైరెక్టరుగారు వార్షిక సమావేశంలో సెలవిచ్చారు. మేమందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. లేవనివాళ్లు ఇద్దరే. ఒకాయనకు మోకాళ్ల నొప్పులు. రెండో ఆయనకు మంచి నిద్ర.

బ్రౌజరంటే ఏమిటని మొహమాటపడి అడగనివాళ్ల కోసం ఒక మాట. ఇంటర్నెట్టులో ఏదైనా చూడాలంటే ముందుగా మీరు నొక్కే బొమ్మ ఒకటుంటుందే, అదే బ్రౌజరు. అలాంటిది ఒకటి మేం తయారుచేస్తాం. దాని పేరు మెరుపు. రోడ్డుకు అవతలివైపు, సరిగ్గా మాకు ఎదురుగా, వాకిలి అనే బ్రౌజరు తయారుచేసేవాళ్ల ఆఫీసు ఉంది. మా కిటికీల్లోంచి వాళ్లు, వాళ్ల కిటికీల్లోంచి మేము కనబడతాం. అందుచేత రెండు ఆఫీసుల్లోనూ కర్టెన్లు పట్టపగలు కూడా వేసే ఉంటాయి.

నేను మెరుపులో ప్రమాణాల విభాగానికి అధిపతిని. ఆ విభాగంలో నేనొక్కణ్నే కాబట్టి సిబ్బందిని కూడా నేనే. వెబ్ పేజీని ఎలా రాయాలి, దాన్ని బ్రౌజరు ఎలా చూపించాలి అని పెద్దలు కూర్చుని రాసిన నిబంధనలనే ప్రమాణాలంటారు. వాటిని ఎవరు ఎంతవరకు పాటిస్తున్నారో చూసి ప్రమాణాల మండలివారు నెలనెలా మార్కులు వేస్తారు. ఆ నెల మాకు తొంభై ఆరు, వాకిలికి తొంభై ఏడు వచ్చాయి. వాళ్లు ఆ అంకెను నాలుగంతస్తుల బ్యానరు మీద వేయించి మా మొహాన వేలాడదీశారు! ఆ మధ్యాహ్నం మా డైరెక్టరుగారు అన్నం ముట్టలేదు.

సాయంత్రానికల్లా మేమే ఒక పరీక్ష తయారుచేశాం. మాకు వచ్చిన వంద విషయాలు ఏరి, వంద ప్రశ్నలు పెట్టాం. మెరుపుకు నూటికి నూరు, వాకిలికి నలభై ఒకటి! మేము ఐదంతస్తుల బ్యానరు కట్టాం. మా భవనం నాలుగంతస్తులే కావడంతో అయిదో అంతస్తు ఫుట్‌పాత్ మీద పరుచుకుని పడింది. వారం తిరక్కుండా వాకిలివాళ్లూ సొంత పరీక్ష పెట్టారు. అందులో మాకొచ్చిన ముప్పై ఎనిమిదీ జాలిపడి వేసినవేనని వాళ్ల పత్రికా ప్రకటనలో రాశారు.

ఇక్కడ మా వృత్తి గుట్టు ఒకటి విప్పక తప్పదు. ఏ వెబ్‌సైటుకు వెళ్లినా అది గుమ్మంలోనే "ఎవరు నువ్వు?" అని బ్రౌజరును అడుగుతుంది. బ్రౌజరు తన పేరు చెప్పుకోవాలి. పూర్వం ఒక బ్రౌజరు ఉండేది. మేం దాన్ని తాత అంటాం. ఒకప్పుడు లోకమంతా తాతదే. ప్రభుత్వ శాఖలన్నీ తమ వెబ్‌సైట్లను తాత చూపుకు సరిపోయేలా కట్టించుకుని, "తాతకు మాత్రమే ప్రవేశం" అని గుమ్మంలో కాపలా పెట్టుకున్నాయి. తర్వాత తాతను తయారుచేసే కంపెనీయే తాతను ఆపేసింది. పదకొండేళ్లయింది. ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కించినా తాత ఎక్కడు. కానీ కాపలా మాత్రం ఎవరూ తీయలేదు!

మరి తర్వాత పుట్టిన బ్రౌజర్లు ఏం చేశాయి? పేరడిగితే "తాతనండీ" అని వినయంగా చెప్పి లోపలికి వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. అన్నీ అంతే. ఎవరి గుట్టు ఎవరూ బయటపెట్టకుండా హాయిగా సాగిపోతోంది. ఇంతలో వాకిలివాళ్లకు ఏం బుద్ధి పుట్టిందో, "మేం మా పేరే చెప్పుకుంటాం!" అని కొత్త బ్యానరు కట్టారు. మర్నాడే మా డైరెక్టరుగారు నన్ను పిలిచారు.

"మెరుపు ఇవాళ్టినుంచి ఎవరడిగినా మెరుపనే చెప్పాలి."

"కొన్ని సైట్లు రానివ్వవండీ," అన్నాను.

"రానివ్వకపోతే ఆ తప్పు వాళ్లది. నిజాయితీ మనది."

మెరుపులో "తాత" అని చెప్పే వాక్యాన్ని నా చేత్తో నేనే తీసేశాను. తీసేసినందుకు నాకో పూలగుత్తి ఇచ్చి ఫొటో తీశారు. ఆ ఫొటో తెచ్చి ఇంట్లో అందరికీ కనబడేచోట పెట్టుకున్నాను.

ఆ తర్వాత మూడు వారాలకు, ఒక బుధవారం, మా వదిన సెలవు పెట్టి ఇంటికొచ్చింది. వదిన నర్సు. ఉద్యోగం బస్సులో ఆరుగంటల దూరంలో ఉన్న ఆసుపత్రిలో. అన్నయ్య, నాలుగేళ్ల పాప మా దగ్గరుంటారు. పాప వాళ్లమ్మను ఎక్కువగా ఫోన్లోనే చూసింది కాబట్టి, మనిషి ఎదురుగా వచ్చినప్పుడల్లా కాసేపు తలుపు చాటునుంచి తొంగి చూసి గానీ దగ్గరికి రాదు. బదిలీకి దరఖాస్తు పెట్టుకునే అవకాశం రెండేళ్లకు ఒక్కసారి వస్తుంది. అదీ ఆరోగ్య శాఖవారి వెబ్‌సైటులోనే, వాళ్ల మాటల్లో పోర్టల్లోనే, పెట్టాలి. ఆఖరు గడువు శుక్రవారం సాయంత్రం ఐదు.

మా ఇంట్లో ఫోన్ల దగ్గర్నుంచి పాత కంప్యూటరు దాకా అన్నిటిలోనూ మెరుపే. నేనే వేశాను. వదిన కంప్యూటరు ముందు కూర్చుంది.

"ఏమయ్యా, ఇటు రా. మీ బ్రౌజరు ఆధునికమైనది కాదు, దయచేసి తాత వాడండి అంటోంది ఇది."

నాకు ఒళ్లు మండిపోయింది. "దీనికి తొంభై ఆరు మార్కులొచ్చాయి వదినా!"

"వస్తే రానీ. నాకు ఆ దరఖాస్తు ఫారం రావాలి."

"తప్పు మనది కాదు, వాళ్లది. నేను చూసుకుంటాగా!"

ఎలా చూసుకున్నానంటే, శాఖకు మూడు పేజీల ఉత్తరం రాశాను. పద్నాలుగు ప్రమాణాలను సంఖ్యలతో సహా ఉదహరించాను. నా మటుకు నాకు అది చదువుకుంటే ముచ్చటేసింది. క్షణంలో జవాబొచ్చింది. "మీ విన్నపం అందినది. దాని స్థితిని తెలుసుకొనుటకు మా పోర్టల్‌ను సందర్శించగలరు." సందర్శించాను. తాత వాడమంది. గురువారం ఇంకో రెండు ఉత్తరాలు రాశాను.

"ఆ వాకిలి ఏదో వేసి చూడరాదురా?" అన్నాడు అన్నయ్య.

"ఈ ఇంట్లో ఇంకో బ్రౌజరు పేరెత్తకు! అయినా వాకిలి కూడా తన పేరే చెబుతుంది. గోడమీద అంతంత అక్షరాలతో రాసుకున్నారు, చూళ్లేదూ?"

శుక్రవారం మూడింటికి వదిన చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "నీ ఉత్తరాలు చాలు గానీ, నడు," అంది.

శాఖవారి వెబ్ అధికారి గది రెండో అంతస్తులో ఉంది. గంటసేపు బయట బల్లమీద కూర్చోబెట్టాక పిలిచారు. మనిషి చాలా మర్యాదస్తుడు. నా మూడు ఉత్తరాలూ ఆయన బల్లమీద ఒకే పిన్నుకి గుచ్చి ఉన్నాయి.

"చదివానండీ. భాష చాలా బాగుంది," అన్నారు. "కానీ మేం ప్రజల ఇష్టప్రకారమే నడుచుకుంటాం. ఇదిగో, చూడండి." ఒక రంగుల పటం చూపించారు. పోర్టల్‌కు వచ్చేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది పాయింట్ ఎనిమిది మంది తాత వాడుతున్నారట! "ఇంత ఆదరణ ఉన్నదాన్ని కాదని కొత్తవాటిని రానివ్వమంటే ఎలాగండీ?"

"ఆ తాతను ఎక్కడ తెచ్చుకోవాలి సార్?" అంది వదిన.

"అది మా శాఖ పరిధిలోకి రాదమ్మా."

"ఇప్పటి కంప్యూటర్లలో అది పనే చెయ్యదటగా?"

"చెయ్యకపోతే ఇంతమంది ఎలా వాడుతున్నారు?"

ఆ ఇంతమందీ తాతలు కారనీ, తాత పేరు చెప్పుకుని వస్తున్న మనవలనీ నాకు తెలుసు. చెబితే ఆ మనవల్లో నిన్నమొన్నటిదాకా మెరుపు కూడా ఉందని చెప్పాలి. పిన్నుకి గుచ్చిన నా ఉత్తరాలను కాస్త సర్దిపెట్టాను.

"మిగతా పాయింట్ రెండు శాతం ఎవరు సార్?" అంది వదిన.

"వాళ్లు మూడు వారాలనుంచే వస్తున్నారమ్మా. మెరుపట. ఏదో దొంగ ముఠా అని అనుమానం. విచారణ జరుగుతోంది."

"మా వదిన ఆ ముఠాలో మనిషేనండీ," అన్నాను. "ఈవిడకు దరఖాస్తు పెట్టుకోవాల్సిన అవసరముంది. సాయంత్రంతో గడువు అయిపోతోంది. ఇదే సాక్ష్యం కదండీ?"

ఆయన జాలిగా చూశారు. "పేజీ తెరుచుకున్నవాళ్లనే వినియోగదారులంటామండీ. ఈవిడకు తెరుచుకోలేదు. తెరుచుకోనివాళ్ల ఇబ్బందిని వినియోగదారుల ఇబ్బందిగా నమోదు చేసే గడి మా ఫారంలో లేదు."

వదిన ఆయన మాట వినడం లేదు. బల్లమీదికి వంగి ఆయన కంప్యూటరు తెర చూస్తోంది. రోగి చెప్పేది ఒకటీ ఒంట్లో ఉన్నది ఒకటీ అయినప్పుడు నర్సులు చూసే చూపు అది.

"సార్, మీరు వాడేది వాకిలి కదా? మా ఆసుపత్రి పక్కనే ఉంటుంది దాని బొమ్మ, పెద్ద బోర్డు మీద."

"లేదమ్మా, తాతే. చూడండి, పైన రాసి కూడా ఉంది." నిజంగానే పోర్టల్ మీద "తాత వినియోగదారునికి స్వాగతం" అని ఉంది. ఆ పేజీ ఆయన కట్టించిందే. దానిమాట ఆయన నమ్ముతున్నారు!

బయటికొచ్చాం. నాలుగూ ఇరవై. వదిన నన్ను బల్లమీద కూర్చోబెట్టి ఎదురుగా నిలబడింది.

"గోడమీద రాసుకున్నారన్నావు?"

"రాసుకున్నారు వదినా."

"రాసుకుని, లోపలికెళ్లేటప్పుడు తాతనని చెబుతున్నారు?"

"అలాగే ఉంది."

"అయితే ఆ వాకిలిని నీ ఫోన్లోకి దించు."

దించడానికి మొదలుపెట్టాను. ఆ ఆఫీసులో సిగ్నలు ఆరిపోయే దీపంలా ఊగుతోంది. "మిగిలిన సమయం: ఒక గంట పది నిమిషాలు" అని చూపించింది. నాకు ప్రాణం లేచొచ్చిన మాట నిజం. వదిన బాధలో ఉంటే నేను వాకిలి దిగనందుకు సంతోషించాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"మూడు రోజులు," అంది వదిన. గొంతు పెద్దది చెయ్యలేదు. "మూడు రోజులు నీ మార్కుల గురించి విన్నాను. ఇవాళ పోతే రెండేళ్లు. అప్పటికి పాపకి ఆరేళ్లొస్తాయి. నువ్వు తయారుచేసిందేగా ఇది? నీ మాట వింటుందా, వినదా?"

సంచిలోంచి లాప్‌టాప్ తీసి, నా చేత్తో తీసేసిన వాక్యాన్ని నా చేత్తోనే మళ్లీ పెట్టాను. ఒకే ఒక్క వాక్యం. పోర్టల్ "ఎవరు నువ్వు?" అంది. "తాతనండీ," అంది నా మెరుపు. "స్వాగతం," అంది పోర్టల్. వదిన వేళ్లు గబగబా కదిలాయి. నాలుగూ యాభై రెండుకు దరఖాస్తు అందినట్టు సంఖ్య వచ్చింది. దాన్ని అరచేతిమీద పెన్నుతో రాసుకుని, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. సంతోషం పట్టలేక నేనూ అదే పని చేశాను.

సోమవారం పొద్దున్నే రాజీనామా కాగితం పట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి జరిగినదంతా చెప్పేశాను. ఆయన లేచి తలుపు వేశారు. కర్టెను సరిగ్గా ఉందో లేదో చూశారు.

"తెరుచుకుందా?"

"తెరుచుకుందండీ."

"వాకిలి కన్నా ముందా?"

"అర సెకను ముందేనండీ."

ఆయన ముఖం వెలిగిపోయింది. నా రాజీనామాను నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్లకాలు కింద దోపారు. "అందరి మెరుపుల్లోనూ అదే పెట్టెయ్. బ్యానరు మాత్రం దించకు."

"అబద్ధం కదండీ?"

"అడిగేది మనిషైతే అబద్ధమవుతుందయ్యా. పోర్టల్‌కి చెబితే అనుకూలత అంటారు."

నెలన్నరకు బదిలీల జాబితాలో వదిన పేరొచ్చింది. పాప ఇప్పుడు తలుపు చాటుకు వెళ్లడం మానేసి, వాళ్లమ్మ డ్యూటీకి వెళ్లబోతే చెప్పులు దాచేస్తోంది. అదే నెలలో ప్రమాణాల మండలివారు ఆ ఏటి "సత్యనామ ఫలకం" ప్రకటించారు. సొంత పేరు చెప్పుకునే బ్రౌజర్లలో, ఫిర్యాదు ఒక్కటి కూడా లేనిదానికి ఇస్తారది. మెరుపుకు వచ్చింది! దాని రూపశిల్పిగా నన్ను వేదిక మీదికి పిలిచారు.

ముఖ్య అతిథి మన వెబ్ అధికారే. "నెలన్నరగా మా పోర్టల్‌కు వచ్చేవారిలో తాత వాడకం నూటికి నూరు శాతానికి చేరింది! మెరుపు అనే ఆ ముఠా మాయమైపోయింది. అందుచేత పోర్టల్‌ను ఆధునికం చెయ్యాలన్న ఫైలును శాశ్వతంగా మూసివేశాం!" అని ప్రకటించి, మెరుపుకు ఫలకం అందజేశారు. వాకిలి డైరెక్టరు ముందు వరుసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టారు. మా డైరెక్టరుగారు దిగివెళ్లి ఆయన్ను కౌగిలించుకున్నారు. నేను ఫలకం చంకలో పెట్టుకుని వచ్చి వదిన పక్కన కూర్చున్నాను.

వదిన దానిమీది అక్షరాల వెంట వేలు పోనిస్తూ చదివింది. "ఎక్కడా పేరు మార్చి చెప్పనందుకు అని రాశారేంటయ్యా?" అంది చెవిలో. "ఆ శుక్రవారం బల్లమీద కూర్చుని నువ్వేం చేశావో వీళ్లకి తెలీదా?"

"తెలుసు వదినా," అన్నాను. "అందుకే ఇచ్చారు."