తాడుకి ఆ కొసన బావ

ఆదివారం పొద్దున మిషనక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. కమ్యూనిటీ హాల్లో గోడకి బిగించిన చెక్కముక్కలు పట్టుకుని మొగుడు పైదాకా ఎక్కుతాడు, అక్కడ కట్టిన గంట కొడతాడు, దిగుతాడు. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టి, తలుపు దగ్గరున్న డబ్బాలో తోచింది వేస్తారు. మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్ళి మిగిలిన బట్టలు కుట్టుకోవచ్చు.

డబ్బాలో పడేదంతా ఊరి చివర నిట్టనిలువుగా ఉన్న పెద్దబండ చరిత్ర మీద తీయబోయే సినిమాకి. తాళ్ళు కట్టుకుని ఆ బండ ఎక్కడం ఊళ్ళో మొదలుపెట్టింది ఇద్దరే. ఒకడు మిషనక్క మొగుడు, ఎలక్ట్రీషియను. రెండోవాడు ఆవిడ అన్న, లారీ డ్రైవరు. పైన పడ్డ మొదటి కాలు ఎవరిదన్న గొడవతో ఆ బావలిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

"వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోకపోతే సినిమా లేనట్టే అక్కా" అని తేల్చేశాడు కెమెరా. పెళ్ళి వీడియోలు తీస్తాడు కాబట్టి ఊరంతా అతన్ని అలాగే పిలుస్తుంది. మిషనక్కకి సినిమా సంగతి ఎలా ఉన్నా, ఆ పక్కపక్కన కూర్చోవడం మీదే ప్రాణమంతా. అన్నకి ఒక పూట, మొగుడికి ఒక పూట విడివిడిగా వడ్డించి ఆవిడ విసిగిపోయింది.

కింద తాడు పట్టాల్సిన ఇస్త్రీ కొట్టాయన షట్టరు కింద వేలు నలగ్గొట్టుకుని కట్టుతో వచ్చాడు. హాల్లో తాడు పట్టడం తెలిసిన మనిషి ఇంకొకడే ఉన్నాడు. బావ ఎంత ఘోరంగా ఎక్కుతాడో చూసి ఆనందిద్దామని చివరి వరుసలో కూర్చున్నాడు.

"అన్నయ్యా, నా పరువు నిలబెట్టు" అంది మిషనక్క.

"తాడు పడతాను. మాట్లాడమంటే మాత్రం మాట్లాడను."

ఎలక్ట్రీషియను గొంతు తడారకూడదని చెంబెడు నీళ్ళు తాగి, పెళ్ళాం కుట్టిన బెల్టులు బిగించుకుని, చకచకా ఎక్కి గంట కొట్టాడు. హాలంతా చప్పట్లు. అంతే, అక్కడ ఆగిపోయాడు.

ఎందుకంటే వాళ్ళకో రూలుంది. పైనున్నవాడు తన నోటితో "దించు" అంటే తప్ప కిందివాడు తాడు వదలకూడదు. వేరెవరు చెప్పినా చెల్లదు. కింద తాడు వదిలితే తప్ప పైవాడు దిగలేడు. దారిన పోయేవాడి మాట విని ముళ్ళపొదలో దిగబడ్డాక బావలిద్దరూ కలిసి పెట్టుకున్న రూలది.

ఎలక్ట్రీషియను ఫ్యాను వంక చూస్తున్నాడు. లారీ అన్న తన చెప్పుల వంక చూస్తున్నాడు.

"అన్నయ్యా, దించెయ్!"

"నువ్వు చెబితే ఎలా దించుతానమ్మా? రూలు ఒప్పుకోదు."

"ఏమండీ, ఆ ఒక్క మాటా అనెయ్యండి!"

"నేను పైనున్నట్టు మీ అన్నకి కనపడట్లేదా? అడుగు!"

ఇదంతా ప్రదర్శనలో భాగమనుకున్నారు జనం. "ఏం నటిస్తున్నార్రా!" అంటూ కిరాణాకొట్టు పెద్దాయన లేచి డబ్బాలో నోటు వేశాడు. పైనున్నాయనే గెలుస్తాడని ఒకరు వేస్తే, కిందాయన గెలుస్తాడని ఇంకొకరు వేశారు. డబ్బా చాలక మిషనక్క సంచీలోని దారపుండల డబ్బా బయటికి తీయాల్సి వచ్చింది.

హాల్లో ఎవరో వేలాడుతున్నారన్న కబురు వీధి చివరికి చేరేసరికి భవనమే కూలిందన్న కబురైపోయింది. ఫైరింజను గంట మోగించుకుంటూ వచ్చేసింది. నిచ్చెనతో పరిగెత్తుకొచ్చిన ఆఫీసరు "ఎవరయ్యా ఇరుక్కుంది?" అని అరిచాడు.

"ఎవరూ ఇరుక్కోలేదు. విశ్రాంతి తీసుకుంటున్నాను" అన్నాడు ఎలక్ట్రీషియను పైనుంచి.

మిషనక్క రూలు వివరించింది. ఆఫీసరు నిచ్చెన గోడకి ఆనించి, "రూలంటే రూలేనమ్మా, మాకూ ఉంటాయి" అంటూ ముందు వరుసలో కూర్చున్నాడు. సిబ్బంది వెనక సర్దుకున్నారు.

ఇంతలో చెంబెడు నీళ్ళూ తమ పని మొదలుపెట్టాయి. ఎలక్ట్రీషియను కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. ముఖం రంగు మారింది. చివరికి పంతం ఓడిపోయింది.

"బావా..."

లారీ అన్న కళ్ళు చెమర్చాయి. తాడు వదలకూడదు కనుక వాటిని తుడుచుకోలేకపోయాడు.

"ఏంటి బావా?"

"దించు బావా, అర్జెంటు!"

"అలాగే. మొదటి కాలు ఎవరిదో ఒక్కసారి చెప్పెయ్."

"ఇదేం అన్యాయం బావా!"

మిషనక్కకి ఒళ్ళు మండింది. కుర్చీ ఎక్కి నిలబడింది. "ఎవరి కాలూ కాదు! మీరు రొప్పుతూ పైకొచ్చేసరికి టిఫిను క్యారియరుతో నేనక్కడే కూర్చునున్నాను. వెనకవైపు మేకల దారి ఉంది. ఇద్దరూ ఆకలి ఆకలంటూ తిన్నారు కానీ, నేనెలా వచ్చానని ఒక్కళ్ళయినా అడిగారా?"

బావలిద్దరూ నోళ్ళు తెరుచుకుని ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుకి ఎన్నేళ్ళయిందో.

"మేకల దారి లెక్కలోకి రాదు!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

"అంతేగా బావా?"

"అంతే బావా, అదేం ఎక్కడం!" అంటూనే లారీ అన్న తాడు వదులుతూ బావని దించాడు. ఎలక్ట్రీషియను బాత్రూముకి పరుగెత్తాడు. తలుపు బయట నిలబడి అన్న, లోపలినుంచి బావ, మేకల దారిని తిట్టిపోస్తూనే ఉన్నారు. కెమెరా అంతా తీశాడు. రెండు డబ్బాలకీ మూతలు పడలేదు.

ఆ పూట బావలిద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేశారు. మిషనక్కతో మాత్రం మాట్లాడలేదు, ఏం కావలసినా కెమెరాతో అడిగించుకున్నారు. ఇల్లింత ప్రశాంతంగా ఉంటుందని తెలిస్తే ఆ ముక్క ఎప్పుడో చెప్పేసేదాన్నని అనుకుంటూ ఆవిడ మిషను ముందు కూర్చుంది.