తాడు పట్టిన పెద్దమనుషులు

రెండువేల అయిదో సంవత్సరం చివర్లో మా పలాస పెద్దమనుషులకు సేవ చేయాలని బుద్ధి పుట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అంతకు ముందెందుకు పుట్టలేదని అడిగేవాళ్లు ఉంటారు. అంతకు ముందు నిధులు లేవు.

నిధులు హైదరాబాదులోని అక్షయహస్తం అనే ధర్మసంస్థవి. అరవై దాటినవారు తమ అనుభవాన్ని పొరుగువారి కోసం స్వచ్ఛందంగా వెచ్చిస్తే, వారి ఖర్చులు తాము భరిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. స్థానికంగా ఎవరైనా పూచీ పడి దరఖాస్తు పెట్టాలి. ప్రజలు తమ వంతు విరాళం కొంత కలపాలి. వృద్ధ వాలంటీర్లు లబ్ధిదారులతో చేయీ చేయీ కలిపి శ్రమిస్తున్న ఫొటోలు జతచేయాలి. ఇంతే.

ప్రకటన వచ్చిన వారంలోపే 'ఉద్దానం వయోధిక సేవా సమితి' వెలిసింది. అధ్యక్షులు నారాయణరావుగారు. ఆయన జీవితమంతా ప్రభుత్వోద్యోగం చేసి, చేసిన పనికి జీతమూ, చేయని పనికి అంతకంటే ఎక్కువా పుచ్చుకొని రిటైరైన మహానుభావుడు. 'స్వచ్ఛందంగా' అనే మాట దగ్గర ఆయన మొదట్లో కొంచెం తడబడ్డారు. దరఖాస్తులు రాసిపెట్టడమే వృత్తిగా బతికే సూర్యప్రకాష్ ఆయన్ను పక్కకు పిలిచి, "ఊరికే కాదండీ, గౌరవభత్యం ఉంటుంది" అని విడమరచి చెప్పాక కుదుటపడ్డారు.

సభ్యుల వయసు దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఉద్యోగంలో ఉండగా రిటైర్మెంటు తప్పించుకోడానికి చాలామంది తమ వయసు తగ్గించి రాయించుకున్నారు. కాగితాల ప్రకారం వాళ్లకింకా అరవై రాలేదు. మోకాళ్లు అరిగిపోయి, పళ్లూడిపోయి, ప్రభుత్వ రికార్డుల్లో మాత్రం నవయవ్వనంలో ఉన్న ఆ పెద్దలు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎంతో శ్రమకోర్చి ముసలివాళ్లయ్యారు. సేవ కోసం వాళ్లు చేసిన మొదటి త్యాగం ఇదే. ఈలోగా టెక్కలిలో కూడా ఇలాంటి సమితి ఒకటి పుట్టింది. వాళ్ల అధ్యక్షుడు జుట్టుకు రంగు వేసుకుంటాడనీ, అలాంటివాడు వృద్ధుడెలా అవుతాడనీ మావాళ్లు హైదరాబాదుకు ఫిర్యాదు పంపారు. టెక్కలివారు వెనక్కి తగ్గారు. సేవారంగంలో పోటీ ఇంత తీవ్రంగా ఉంటుందని మీకు తెలియకపోవచ్చు.

ఇక సేవ ఎవరికి చేయాలి? పలాస చుట్టూ ఉన్న ఉద్దానంలో ఆ కరువు లేదు. కొబ్బరితోటల నీడలో ప్రతి ఊళ్లోనూ కిడ్నీలు పాడైపోయి మంచం పట్టినవాళ్లున్నారు. సూర్యప్రకాష్ సర్వే కోసం సముద్రం ఒడ్డునున్న గవ్వలపేట వెళ్లాడు. అక్కడ వేటకు వెళ్లే వయసు దాటిపోయిన ఎల్లాజీ వల బాగు చేసుకుంటూ కనిపించాడు.

"తాతా, మీ ఊళ్లో పెద్దవాళ్లు సమాజానికి ఏం సేవ చేస్తుంటారు?" అని అడిగాడు సూర్యప్రకాష్.

"సేవేటి బాబూ? మాకలాటివి తెల్దు. ఇశాపట్నం ఆసుపత్రికి ఎల్లినోల్లకి తోడెల్తాం. మొగోల్లందరూ ఏటకెల్లిపోతారు గదా. మంచం మీదున్నోడ్ని ఎవలు తీసుకెల్తారు? ముసిలోల్లం మేమే."

"ఎప్పటినుంచి?"

"ఈ రోగం వచ్చిన కాడినుంచీ."

'వృద్ధులలో సేవాభావం గురించి అవగాహన శూన్యం' అని సూర్యప్రకాష్ రాసుకున్నాడు. అబద్ధమేం కాదు. ఎల్లాజీకి రిటైర్మెంటు కాగితం లేదు, సమితి లేదు, పేరు కింద వేసుకోడానికి హోదా లేదు. ఇవేవీ లేకుండా ఒక రోగిని భుజం మీద వేసుకొని రైలెక్కించినంత మాత్రాన వాలంటీరు అయిపోతాడా? అందుచేత గవ్వలపేట ముసలివాళ్లను లబ్ధిదారులుగానూ, పలాస ముసలివాళ్లను వాలంటీర్లుగానూ నమోదు చేశారు. ప్రాజెక్టుకు 'తోడు' అని పేరు పెట్టారు. పేరు బాగుందని అందరూ సూర్యప్రకాష్‌ను మెచ్చుకున్నారు.

ఫొటోలు మిగిలాయి. సమితి సభ్యులు ఒక ఆదివారం పొద్దున్నే రెండు జీపుల్లో, కొత్త తెల్లటోపీలతో, ఫొటోగ్రాఫరుతో గవ్వలపేట ఒడ్డుకు దిగారు. అప్పుడే పెద్దవల లాగుతున్నారు. తెప్ప మీద వెళ్లి సముద్రంలో వల చుట్టి వస్తే, దాని రెండు తాళ్లనూ ఒడ్డు మీద ఊరంతా పట్టి లాగుతుంది. ఈ లాగుడుకు అక్కడొక పద్ధతుంది, అది తెలియకపోతే ఈ కథే లేదు. తాడు మీద చేయి వేసినవాడికి వాటా ఇస్తారు. ఎంత లాగావని అడగరు, అసలు లాగావా అనీ అడగరు. మగదిక్కు లేనివాళ్లూ, ముసలివాళ్లూ, రోగిని ఇంట్లో పెట్టుకున్నవాళ్లూ వచ్చి ఊరికే చేయి ఆన్చి నిలబడతారు. అడుక్కోకుండా వాళ్ల ఇల్లు గడవడానికి ఊరు కనిపెట్టిన ఉపాయం అది.

ఆ రోజు తాడు పట్టినవాళ్లలో సూరమ్మ ఉంది. కొడుకు అసిరయ్యకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికోసారి విశాఖ తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాలి. తన వాటా చేపలు అమ్ముకుంటేనే ఇద్దరికి రైలు, అక్కడ మందులు, ఒక పూట తిండి. మర్నాడు పొద్దున్నే బండి. తోడుగా ఎల్లాజీ వెళతానన్నాడు.

పెద్దమనుషులు వరుసగా తాడు మీద చేతులు వేశారు. నారాయణరావుగారు ఉంగరాలు కనబడేట్టు పట్టుకున్నారు. ఒకాయన "ఐలేసా" అన్నారు కూడా. ఫొటోగ్రాఫరు ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఉంటే అలాగే నిలబడ్డారు. ఊరివాళ్లు లాగారు.

వల ఒడ్డుకు చేరింది. పడినవి చిన్నచేపలే, కాసిని కవళ్లు, కాసిని నెత్తళ్లు. వాటాలు వేసే చోట ఒక కుర్రజాలరి సణిగాడు. "ఈ టోపీలోల్లకి కూడా ఎయ్యాలేటి?"

ఎల్లాజీ వాణ్ని కసిరాడు. "నోర్ముయ్యి. అంత దూరం నుంచి ముసిలోల్లు ఇసకలో పడి వచ్చి తాడట్టుకున్నారంటే, ఇంటి కాడ ఎంత ఇబ్బందిగుంటే వచ్చుంటారు? అడిగితే సిగ్గుపడతారు. అడక్కండి, ఎయ్యండి."

వేశారు. టోపీకొక కుప్ప చొప్పున వేశారు. పెద్దమనుషులు తమ సేవకు ఊరు కృతజ్ఞతగా ఇస్తున్న కానుక అనుకున్నారు. కొంచెం మొహమాటపడి, వెంటనే సంచులడిగారు. సమితి కార్యదర్శిగారు శాకాహారి, ఆయన వాటా కూడా నారాయణరావుగారే తీసుకొని ఆయన నియమం కాపాడారు. జీపులు వెళ్లిపోయాక సూరమ్మ తన కుప్ప ముందు కూర్చుంది. అది రెండు చేతుల్లో పట్టేసింది.

"దీనికేటొస్తాది మావా? పలాస దాకా ఆటోకి కూడా రాదు."

ఎల్లాజీ తన కుప్ప కూడా అందులో కలిపాడు. అయినా చాలలేదు. ఆ వారం అసిరయ్య బండెక్కలేదు. కాళ్లు పొంగాయి, మొహం ఉబ్బింది. పెద్దమనుషుల ఇళ్లలో నెత్తళ్ల వేపుడు చాలా బాగా కుదిరిందని విన్నాం.

దరఖాస్తులో 'ప్రజల వంతు విరాళం' అనే గడి ఒకటి ఖాళీగా మిగిలింది. నారాయణరావుగారి అనుభవమంతా అక్కడ అక్కరకొచ్చింది. గవ్వలపేట ప్రజలు తమ కష్టార్జితమైన చేపలను సమితికి స్వచ్ఛందంగా సమర్పించారని, బజారు ధర కట్టి రాయించారు. హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చిన భవ్యశ్రీ అనే అధికారిణి ఫొటోలు చూసి కళ్లు తుడుచుకుంది. "పేదవాళ్లు ఇంత ఇచ్చారంటే ఇది నిజమైన ప్రజాకార్యక్రమం" అని సిఫార్సు చేసింది. నిధులు మంజూరయ్యాయి. అందులో వాలంటీర్లకు గౌరవభత్యం, జీపు అద్దె, టోపీలు, స్వెట్టర్లు, సేవాభావంపై సదస్సులు, సదస్సుల్లో భోజనాలు ఉన్నాయి. రోగుల ప్రయాణ ఖర్చులు రెండో దశలో పరిశీలిస్తారు. తొందరపడితే పనులు చెడతాయని ప్రభుత్వంలో పనిచేసినవారికి తెలిసినంతగా రోగులకు తెలియదు.

చెక్కు ప్రదాన సభ పలాసలో ఒక కల్యాణమండపంలో జరిగింది. లబ్ధిదారులు లేకపోతే సభకు నిండుదనం రాదని గవ్వలపేటకు లారీ పంపారు. ఎల్లాజీ వచ్చాడు. డబ్బుల్లేక అసిరయ్య అప్పటికి వరసగా రెండు వారాలు ఆసుపత్రికి వెళ్లలేదు. కొడుకును పక్కింటివాళ్లకు అప్పజెప్పి సూరమ్మ కూడా వచ్చింది. వేదిక మీద తలుపంత అట్టచెక్కు ఉంది. నారాయణరావుగారు మైకు తీసుకున్నారు.

"సోదరసోదరీమణులారా! వృద్ధాప్యం శాపం కాదు, అది ఒక అవకాశం. మా రక్తంలో చివరి బొట్టు వరకూ కిడ్నీ సోదరులకే అంకితం. ఈ చెక్కు నాది కాదు, మీది! రండి, మీరే వచ్చి చేయి వేయండి!"

ఫొటోగ్రాఫరు చూపించిన చోట ఎల్లాజీ, సూరమ్మ చెక్కు అంచు పట్టుకొని నిలబడ్డారు. సూరమ్మ మొహం వెలిగిపోయింది. "ఇంక బండికి బెంగ లేదు మావా" అంది మెల్లగా. ఆ మాట ముందు వరసలో కూర్చున్నవాళ్లకు వినబడింది. ఫొటో తీశారు. చప్పట్లు కొట్టారు. కార్యదర్శిగారు చెక్కు తీసుకోబోతే సూరమ్మ చేయి వదల్లేదు.

"అమ్మా, అయిపోయింది. వదులు."

"సెయ్యేసినాం గదా బాబూ. మా వాటా ఇచ్చీండి, ఎల్లిపోతాం. రేపు మా వోడు బండెక్కాల."

వేదిక మీద నవ్వులు రేగాయి. నారాయణరావుగారు ఎంతో ఓర్పుగా వంగి, "అది ఫొటో కోసం అమ్మా. చేయి వేసినవాళ్లందరికీ పంచుతూ పోతే సంస్థలు నడుస్తాయా?" అని చెప్పారు.

సూరమ్మకు ఒళ్లు మండింది. "మరి మా తాడు మీద సెయ్యేసినప్పుడు తీసుకెల్లినారు గదా? నా కొడుకు బండిడబ్బులు మీ సంచుల్లోనే ఎల్లిపోనాయి. అప్పుడు ఫొటో అని ఎందుకు సెప్పనేదు?"

మైకు వెంటనే కట్టేశారు. ఎల్లాజీ ఆమె వేళ్లు ఒక్కొక్కటే చెక్కు మీంచి విడిపించి, "రా కోడలా, గొడవొద్దు" అని కిందికి తీసుకొచ్చాడు. ఇద్దరికీ చెరో పులిహోర పొట్లం ఇచ్చి లారీ ఎక్కించారు. ఫొటో కోసం చేయి వేయడానికీ, వాటా కోసం చేయి వేయడానికీ గల తేడా గురించి తీరప్రాంత ప్రజలకు అవగాహన కల్పించాలని సమితి ఆ సాయంత్రమే ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సదస్సుకు వేరే బడ్జెట్ ఉంది.

అసిరయ్య ఆ నెల దాటలేదు. సమితి సభ్యులు జీపుల్లో వెళ్లి పరామర్శించారు. నివేదికలో అది 'గృహ సందర్శన' కిందికి వచ్చింది. రోగి మరణించినా సందర్శన సందర్శనే కనుక భత్యం కోత పెట్టలేదు.

ఏడాది తిరిగింది. నిధుల పొడిగింపుకు కొత్త ఫొటోలు కావాలన్నారు. జీపులు మళ్లీ గవ్వలపేట ఒడ్డుకు దిగాయి. టోపీలు, ఈసారి స్వెట్టర్లు కూడా. తాడు దగ్గర ఊరివాళ్లు గుర్రుగా చూశారు. కుర్రజాలరి ఈసారి సణగలేదు, గట్టిగానే అన్నాడు. "ఎందుకు రానివ్వాల ఈల్లని? మనకొక్క కాణీ అయినా ఇచ్చినారేటి?"

ఎల్లాజీ వాడి భుజం మీద చేయి వేశాడు. "అందుకేరా రానివ్వమంతన్నాను. అంత పెద్ద సెక్కు సేత పట్టుకోని కూడా ఒక్క వాటా తియ్యలేకపోనారంటే, ఆల ఇంటికాడ మనం అనుకున్నదానికంటే గడ్డుగున్నట్టుంది. జరగండి, సోటియ్యండి."

జనం జరిగారు. నారాయణరావుగారికి ఆ మాటలు వినబడ్డాయి. ఆయనకు సిగ్గు వేసి ఉంటుందని మీరు ఆశపడుతున్నారేమో. ఆయన చోటు చూసుకొని తాడు పట్టుకున్నారు. ఆ రోజు మంచి ధర పలికే కోనాలు పడ్డాయి. తన కుప్పలోకి కొంచెం పెద్దవి చూసి వేయమన్నారు.

ఆ ఫొటో పేపర్లో వచ్చింది. మీరూ చూశారు, ఈ వయసులో ఎంత ఓపికో అని మెచ్చుకున్నారు. టోపీల వెనకాల సగం మొహం కనబడే ముసలావిడ సూరమ్మ. కొడుకు పోయినా ఆమె రోజూ తాడు పట్టడానికి వస్తూనే ఉంది. ఆ రోజు తన వాటా అమ్మి, పక్కింటి మనిషిని విశాఖ తీసుకెళ్లి, ఆసుపత్రి వరండాలో రెండు రాత్రులు పడుకుని వచ్చింది. దానికి ఎవరూ దరఖాస్తు పెట్టలేదు కాబట్టి మనం దాన్ని సేవ కింద జమకట్టనక్కర్లేదు.